సెల్వి రాయని గ్లాసు

పోయిన నెల మా కాలేజీకి తనిఖీ సంఘం వస్తోందని ప్రిన్సిపాల్ గారు మా అందరికీ తలా ఒక కాగితం పంచారు. నా వంతుకు వచ్చింది బి.ఎస్.డబ్ల్యు., అంటే సమాజసేవ డిగ్రీ. అందులో చదివే పిల్లల వైవిధ్యం గురించి ఒక పేజీ రాయాలి. ఏ కులం వాళ్ళు ఎందరు, ఏ భాష వాళ్ళు ఎందరు, పల్లె నుంచి ఎందరు, టౌన్ నుంచి ఎందరు అని గళ్ళు గీసి ఇచ్చారు. గళ్ళు నింపడం నాకు కొత్త కాదు, ఆ విభాగంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ అదే పని. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో కూర్చుని మొదటి గడిలో పెన్ను పెట్టానో లేదో మునిరాజు ఫోన్ చేశాడు. మునిరాజుది కురుడుమలె. నాతోపాటు అదే డిగ్రీ చదివి, ఇప్పుడు ఊళ్ళో పట్టుపురుగులు, పాడి ఆవులు చూసుకుంటున్నాడు. ఎప్పుడు చేసినా మామిడికాయలు పంపేదా అని మొదలుపెట్టేవాడు, ఆ రోజు మామిడికాయల ఊసే ఎత్తలేదు.

"రత్నా, సెల్వి పోయినాదంట. పదహైదు దినాలాయనంట. నాకూ ఇప్పుడే తెలిసినాది."

"ఏ సెల్వి?" అన్నాను నేను. సిగ్గుచేటు, ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నా బతుకు మొత్తం మీద నాకు తెలిసిన సెల్వి ఒక్కతే. ఆమె పేరు ఎవరైనా ఎత్తితే ముందు తెలియనట్టు నటించడం ఇన్నేళ్ళలో నాకు అలవాటైపోయింది.

మేము డిగ్రీలో చేరేనాటికి మా ఊరి బంగారు గని మూసేసి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. వేరే చోట సీటు దొరకనివాళ్ళు ఆ చదువుకు వచ్చేవాళ్ళు, లేకపోతే నాలాంటి మొండిఘటాలు వచ్చేవాళ్ళు. మా నాన్నకు రాబర్ట్‌సన్‌పేట బజారులో బియ్యం, రాగుల అంగడి. బి.కాం. చేరమంటే నేను సమాజసేవ అన్నాను. "ఊరందరిదీ ఒగ దోవ, ఉలిపికట్టెది ఒగ దోవ" అని ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. క్లాసులో నలభై మందిమి. కోరమండల్ లైన్లలో, అంటే గని కూలీల వరస ఇళ్ళలో, పుట్టినవాళ్ళు ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, క్లాసులో కన్నడం మాట్లాడేవాళ్ళు. మాస్తి వైపు నుంచి వచ్చే పిల్లలు చీకటితోనే పాలు పిండి, డెయిరీలో పోసి, రెండు బస్సులు మారి వచ్చి మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడేవాళ్ళు. వెనక బెంచీలో ఇద్దరు ముస్లిం అమ్మాయిలు ఉర్దూలో గుసగుసలాడుకునేవాళ్ళు. "మన క్లాసును చూస్తే జిల్లా అంతా వచ్చి బెంచీల మీద కూర్చున్నట్టుంది" అని మా మేడమ్ మురిసిపోయేది. నిజంగానే మురిసిపోదగ్గ క్లాసు. అయితే మేము ఎవరి ఇళ్ళకు వెళ్ళి ఎవరి కష్టాలు రాసుకురావాలని ఆ చదువు చెప్పిందో, వాళ్ళ పిల్లలూ అదే బెంచీ మీద మా పక్కనే కూర్చున్నారు. ఆ సంగతి ఆమెకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

నా పక్కన కూర్చున్నది సెల్వి. కోరమండల్ పిల్ల. వాళ్ళ నాన్న తమిళం మనిషి, గనిలో లోపలి పని చేసి, అది మూతపడ్డాక దగ్గుతో మంచానికి అంటుకుపోయినవాడు. అమ్మ పుష్పమ్మది పలమనేరు పక్క పల్లె, కాబట్టి సెల్వికి తెలుగు తల్లిపాలతో వచ్చింది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నన్ను "శెట్టమ్మా" అని ఏడిపించేది. "ఏం శెట్టమ్మా, ఈ దినం పప్పులో నెయ్యి తక్కువాయనా, మొకం అట్ల పెట్టుకోనుండావు?" అనేది. నేను తిట్టేదాన్ని, ఆమె నవ్వేది. మూడేళ్ళు అట్లాగే గడిచిపోతాయనుకున్నాను.

మా ఇల్లు అంగడి వెనకే. ఈ వయసులో కూడా గోనెసంచి వాసన తగిలితే నాకు మా నడవ గుర్తుకొస్తుంది. కొత్త రాగుల మట్టివాసన, బెల్లం దిమ్మెల తీపివాసన, మూల నుంచి చింతపండు, అన్నిటి మీదా మా అవ్వ తీసే కాఫీ డికాక్షన్. అవ్వ పొద్దున్నే నాలుగు గిన్నెల పసుపునీళ్ళు గడపల మీద చల్లితే గానీ ఎవరినీ లోపలికి, బయటికి తిరగనిచ్చేది కాదు. గ్లాసుల దగ్గర ఆమెకు పెద్ద చట్టమే ఉండేది. నాన్నకు వెండి లోటా, తనకు ఇత్తడిది, చుట్టాలకు అంచులున్న స్టీలు గ్లాసులు. పెరటి గోడ గూట్లో ఒక సొట్ట గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉండేది. మూటలు మోసేవాళ్ళకు, దొడ్డి కడిగేవాళ్ళకు అది. తాగినవాళ్ళే కొళాయి కింద కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించి వెళ్ళాలి. మా ఇంట్లో ఎవరూ దాన్ని చేత్తో ముట్టుకోగా నేను చూడలేదు. కాఫీ పోసేటప్పుడు కూడా అవ్వ చెంబు పైకెత్తి, సన్నటి ధారగా, ఒక్క చుక్క కింద పడకుండా పోసేది. చిన్నప్పుడు నాకది గొప్ప నేర్పు అనిపించేది.

రెండో సంవత్సరంలో మేడమ్ ఒక పని పెట్టింది. మనది కాని వర్గంలోని ఒక కుటుంబం ఇంటికి అయిదుసార్లు వెళ్ళాలి. చూసింది, విన్నది, మనకు అనిపించింది, అంతా రిపోర్టు రాయాలి. పేరు మార్చవచ్చు, మిగతాది ఒక్క ముక్క మార్చకూడదు. "రాయనిది జరగనట్టే" అనేది ఆమె. ఆ మాటను బల్ల మీద వేలితో కొట్టి మరీ చెప్పేది. మా నాన్న నన్ను ముక్కూమొహం తెలియని ఇళ్ళకు పంపేరకం కాదు. నేను తల పట్టుకుని కూర్చుంటే సెల్వే దారి చూపించింది.

"దానికెందుకు బేజారు? ఊరికే మా ఇంటికే రా. నేను మీ ఇంటికొస్తా. చెల్లుకు చెల్లు."

ముందు ఆమే మా ఇంటికి వచ్చింది. నాన్న అంగట్లో ఉన్నాడు. అవ్వ వెనక గుమ్మం దగ్గర పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. "యాడుంటారు పాపా మీరు? మీ నాయన ఏం పనికి పోతాండె?" అని అడిగింది. కోరమండల్ లైన్లు, గనిలో పని అని సెల్వి చెప్పగానే అవ్వకు తెలియవలసింది తెలిసిపోయింది. కాసేపటికి లేచి కాఫీ కలిపింది. గూట్లో గ్లాసు తీసుకోమన్నట్టు గడ్డంతో చూపించి, చెంబు ఎత్తి పోసింది. సెల్వి పెరట్లో నిలబడి తాగింది. కొళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు కడిగి, గూట్లో బోర్లించి వచ్చింది. కడగమని ఎవరూ చెప్పలేదు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు పెగల్లేదు అనను, తెరవలేదు. అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ అంతే. చివరిరోజు ఆమె వెళ్ళాక అవ్వ అంది, "మంచి పిల్ల. చెప్పకుండానే తెలుసుకుంటాది."

తర్వాత నా వంతు. కోరమండల్‌లో వాళ్ళది వరస ఇళ్ళలో చివరిది. ఒక గది, ఒక వంటిల్లు, పైన రేకు. గాలి ఇటు తిరిగితే, గని నుంచి తెచ్చి పోసిన సైనైడ్ దిబ్బల తెల్లదుమ్ము గిన్నెల మీద పడుతుందని వంటిల్లంతా పాత చీర ముక్కలతో కప్పి ఉండేది. గనిలో పెట్టుకున్న ఇనపటోపీలో వాళ్ళ నాన్న తులసిమొక్క నాటాడు. నేను పోగానే పుష్పమ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టింది. అవ్వకు తెలిస్తే నన్ను బావి దగ్గరే నిలబెట్టి తలస్నానం చేయిస్తుంది. "ఈ రోజు ఒక్కపొద్దమ్మా, ఏమీ తాగను" అన్నాను. సెల్వి నావైపు ఒకసారి చూసి, బిందె తీసుకుని నీళ్ళకు వెళ్ళిపోయింది. పుష్పమ్మ మాత్రం నిజమే అనుకుంది. "ఇంత చిన్నబిడ్డకు ఒక్కపొద్దా! అరటిపండు తినచ్చులేమ్మా, పండుకు దోషం లేదు" అని పక్కింటికి పరిగెత్తి ఒక పండు తెచ్చింది. తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా, నాకోసం ఒక అరటిపండు గూట్లో పెట్టి ఉండేది.

మూడోసారి వెళ్ళినప్పుడు, సెల్వి నీళ్ళకు పోయిన వేళ, మేడమ్ నేర్పినట్టే నేను తలూపుతూ, మధ్యలో మాట్లాడకుండా, కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. ఎదుటి మనిషి తనంతట తాను మనసు విప్పేదాకా ఆగమని మాకు చెప్పేవాళ్ళు. పుష్పమ్మ మనసు విప్పింది. ఆమె రోజూ తెల్లవారకముందే కోరమండల్ స్టేషన్లో రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వచ్చేది. గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ కుడుతుందని ఇంట్లోవాళ్ళకు చెప్పింది.

"గార్మెంట్సూ లేదు, ఏమీ లేదు కన్నూ. పెద్ద బిల్డింగ్‌లో బాత్రూములు కడగతాండాను. సాయంత్రం రైల్లో ఆ గార్మెంట్సు ఆడోళ్ళ దగ్గర దారం ముక్కలు అడిగి చీరకు అంటించుకోనొస్తా. నేను ఇంటికి రాగానే సెల్వి కూసోని ఒగొగటే ఏరి పారేస్తాది, పావం. దాని నాయనకు తెలిస్తే పానం తీసుకుంటాడు. దానికి తెలిస్తే సదువు నిలిపేసి నా బదులు తాను పోతాది. నువ్వు మాత్రం చెప్పొద్దు తల్లీ."

"చెప్పనమ్మా" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

ఆ రాత్రి రిపోర్టు రాశాను. చెప్పొద్దంది గానీ రాయొద్దనలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పేరు మార్చాను కదా, మేడమ్ ఒక్కతే చదువుతుంది కదా అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. అంత మంచి ముక్క చేతికి చిక్కితే వదలబుద్ధి కాలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని అవ్వ ఊరికే అనేది కాదు. ఇనపటోపీలో తులసి, చీరకు అంటించుకున్న దారాలు, వాటిని ఏరే కూతురు, అన్నీ రాశాను. రాసి రెండుసార్లు చదువుకుని, బాగా రాశానని సంతోషపడ్డాను.

సోమవారం క్లాసులో మేడమ్ నా రిపోర్టు పైకెత్తి చూపించింది. "రిపోర్టంటే ఇట్లా ఉండాలి. రత్నా, వచ్చి చదువు" అంది. వెళ్ళాను. ఆ ఒక్క పేరా దాటేసి చదివి ఉండవచ్చు. దాటేద్దామనే మొదలుపెట్టాను కూడా. నేను చదువుతుంటే నలభై మందీ చెవులప్పగించి వింటున్నారు. కునికిపాట్లు పడే మాస్తి పిల్లలు కూడా తలలెత్తారు. దారం ముక్కల దగ్గరికి వచ్చేసరికి నా నోరు నా మాట వినలేదు. చదివేశాను. అక్కడున్నవాళ్ళలో సెల్వికి తప్ప ఇంకెవరికీ అది ఎవరిల్లో తెలియదు. నేను తలెత్తేసరికి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. క్షణం పాటు నవ్వుతోందేమో అనుకున్నాను, నా పాడు బుద్ధి.

ఆ తర్వాత మేడమ్ ఎప్పటిలాగే అడగడం మొదలుపెట్టింది. ఈ కుటుంబం అసలు సమస్య ఏమిటి, మీరైతే ఏం చేస్తారు? ఒకడు స్వయంసహాయ సంఘం అన్నాడు. ఒకమ్మాయి తండ్రికి కౌన్సెలింగ్ అంది. మునిరాజు తల్లికి కుట్టుమిషన్ ఇప్పించాలన్నాడు. మేడమ్ బోర్డు మీద వరసగా రాస్తోంది. "సెల్వీ, నువ్వు ఆ లైన్ల నుంచే వస్తావు కదా, నీకు బాగా తెలుస్తుంది. నువ్వు చెప్పు" అంది. ఆమెకు తెలియదు, ఆమెను నేను తప్పుపట్టను. సెల్వి లేచి నిలబడింది. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ ఇంటోళ్ళకు ఒగటే సమస్య మేడమ్" అంది. "ఇంటికొచ్చినోళ్ళను నమ్ముతారు."

క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వి, బోర్డు మీద రాయకుండా వదిలేసింది.

సెల్వి ఆ వారమంతా వచ్చింది. నా పక్కనే కూర్చుంది, నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకుని ఈడ్చినా పడి ఉండేదాన్ని. మరుసటి వారం రాలేదు, ఆ తర్వాత మరి రానేలేదు. తల్లి మోకాళ్ళు పాడయ్యాయని, ఆమె బదులు సెల్వే రైలెక్కుతోందని మునిరాజు ఎక్కడో విని చెప్పాడు. ఒకసారి వాళ్ళ వీధి మొదలు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, ఎం.ఎస్.డబ్ల్యు. చేశాను, అదే కాలేజీలో లెక్చరర్నయ్యాను. విన్న మాటను కడుపులో ఎట్లా దాచుకోవాలో ప్రతి ఏడూ కొత్త పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ పాఠం చెప్పిన రోజు నాకు అన్నం సయించదు.

మునిరాజు ఫోన్ చేశాక వచ్చిన ఆదివారమే కోరమండల్ వెళ్ళాను. కాళ్ళ మీద పడి జరిగింది చెప్పేయాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. అదే చివరి ఇల్లు, రేకులు కొత్తవి. గోడ మీద సెల్వి ఫోటో. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, చూపు మాత్రం అదే. రొమ్ములో గడ్డ అంట, సెలవు పెడితే పని పోతుందని చూపించుకోలేదట. పుష్పమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి నా మొహం రెండు చేతులతో తడిమింది.

"ఇన్నాళ్ళకు దోవ తెలిసినాదా తల్లీ! మునిరాజప్ప చెప్పినాడు నువ్వొస్తావని. కూసో. కాఫీ పెట్టేదాన్నే, నీకు ఒక్కపొద్దేమోనని అరటిపండు తెప్పించినాను."

గూట్లో అరటిపండు ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. పావం, స్నేహితురాలి కోసం ఏడుస్తోంది అనుకుని పుష్పమ్మ నా వీపు రాసింది. "ఒక్కపొద్దు లేదమ్మా, కాఫీ ఇవ్వు" అన్నాను. ఆమె కాఫీ పెట్టి, తాను తాగే గ్లాసులోనే నాకు పోసింది. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి ఒక నీలం ఫైలు తెచ్చింది.

"ఇది మీ ఇంటి గురించి సెల్వి రాసింది. మీ అవ్వ సెల్విని పక్కన కూసోబెట్టుకోని, తన గ్లాసులోనే కాఫీ ఇచ్చిందంట గదా. నాకు చదివి చెప్తాండె. అంత పెద్దింటోళ్ళు నా బిడ్డను అట్ల చూసుకున్నారని ఎంత సంతోషపడితినో."

తెరిచాను. గుండ్రటి కన్నడ అక్షరాలు. అవ్వ పసుపునీళ్ళు, చింతపండు గింజలు, బెల్లం వాసన, అన్నీ ఉన్నాయి. 'అవ్వ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చింది, ఆ ఇంట్లో నన్ను పరాయిదానిగా చూడలేదు' అని రాసి ఉంది. గూడు లేదు, సొట్ట గ్లాసు లేదు. గుమ్మంలో నిలబడి చూసిన నేనూ లేను. కింద ఎర్రసిరాతో మేడమ్ రాసిన మాట: పరిశీలన చాలదు. అదే మాట నేను ఎందరు పిల్లల కాగితాల మీద రాశానో! రాయనిది జరగనట్టే అని మా ఇద్దరికీ నేర్పారు. మా ఇద్దరిలో ఆ చదువు వంటబట్టింది సెల్వికే.

ఫైలు మూసి, "అమ్మా, నీకొక మాట చెప్పాలి" అన్నాను.

"నేనే నీకు చెప్పల్ల" అంది పుష్పమ్మ. "ఆ పొద్దు నేను నీ దగ్గర ఒగ మాట చెప్పినాను, గురుతుండాదా? బాత్రూముల సంగతి. అది సెల్వికి యట్లో తెలిసిపోయినాది. నీ మింద అనుమానం వచ్చి, రత్న చెప్పినాదా అని అడిగితిని. 'ఛీ, అది అట్లాంటిది కాదుమా, నేనే ఒగనాడు నీ యనకాలే రైలెక్కి చూసినా' అనింది. నిన్ను అనుమానించితినే అని ఇన్నేళ్ళూ కుమిలిపోయినాను. మన్నించు తల్లీ."

ఆమె నా చేతులు పట్టుకుంది. బాత్రూములు కడిగిన సోడా తిన్న ఆ వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెబితే నా గుండె బరువు దిగుతుంది, నిజమే. కానీ ఈ ముసలామెకు కూతురు మిగిల్చిపోయినవి రెండే: పెద్దింట్లో ఒక ఇత్తడి గ్లాసు, మాట దాచిన ఒక స్నేహితురాలు. రెండూ సెల్వి కల్పించినవే. నా బరువు దింపుకోవడానికి వాటిని లాక్కునే హక్కు నాకు లేదు. "మన్నించడానికేముందమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది.

గ్లాసు నేనే కొళాయి దగ్గర కడిగాను. పుష్పమ్మ వద్దు వద్దంటూనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని నిలబడితే, ఆమే తీసుకుని తన గిన్నెల్లో కలిపేసింది. తనిఖీ కాగితం తిరిగి ఇచ్చే గడువు మర్నాడే. పదిమంది పది రకాలవాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుంటే ఎంత మంచిదో ఒక పేజీ రాసి ఇచ్చాను, ప్రిన్సిపాల్ గారు బాగుందన్నారు. ఇక్కడ రాసింది మాత్రం ఎవరూ అడగనిది. పేర్లు మార్చాను. పుష్పమ్మకు చదవడం రాదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఆనాడు కూడా నాకు ఇట్లాంటి ధైర్యమే ఉండింది.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే అరటిపండు నా సంచీలో పెట్టి, గేటు దాకా గోడ పట్టుకుని వచ్చింది.

"మళ్ళీ రా తల్లీ, రాకుండా ఉండొద్దు. కడుపులో శానా మాటలు ఉండాయి. నీకైతే చెప్పుకోవచ్చు."